హోల్డెమ్‌లో చేతికి పెద్ద జత పడితే ఎలా ఆడాలి: ఆసులు, కింగులు, క్వీన్లు, కొంచెం జాకీలు

మనలో చాలామందికి పేక అంటే పండక్కి ఇంట్లో పరిచిన దుప్పటి మీద ఆడిన మూడు ముక్కలాట, లేకపోతే పదమూడు ముక్కలాట. ఆ అలవాటుతోనే వచ్చి పోకర్ టేబుల్ దగ్గర కూర్చుంటాం. మూడు ముక్కలాటలో చేతికి ట్రయల్ పడితే ఏం చేస్తాం, ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా, బ్లైండ్ ఆడుతున్నవాణ్ణి ఆడనిస్తూ మెల్లగా లాగుతాం కదా, అది అక్కడ కరెక్టే. ఎందుకంటే అక్కడ ఎవరి మూడు ముక్కలు వాళ్ళవి, పంచాక ఇంక ఏమీ మారదు. టెక్సాస్ హోల్డెమ్ అనే ఈ పోకర్ ఆటలో మాత్రం నీ చేతిలో రెండే ముక్కలు, టేబుల్ మీదకి ఇంకా 5 రావాలి, ఆ అయిదూ అందరివీ. అంటే పంచిన క్షణంలో అందరికంటే పైన ఉన్న ఆసుల జత, ప్రతి కొత్త ముక్కతో కొంచెం కొంచెం కిందకి జారుతూ ఉంటుంది. ఈ ఒక్కటి బుర్రకెక్కితే మిగతాదంతా దాని వెనకాలే వస్తుంది. పెద్ద జతకి అన్నిటికంటే బలం ఫ్లాప్ (టేబుల్ మీద మొదట ఒకేసారి తెరిచే మూడు ముక్కలు) రాకముందే, కాబట్టి డబ్బు అప్పుడే లోపలికి వెళ్ళాలి.

నేను ఆడేది డాలస్ వైపు, 1-3 డాలర్ల బ్లైండ్లు (మూడు ముక్కలాటలో బ్లైండ్ కాదు, పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే డబ్బు, స్మాల్ బ్లైండ్ 1, బిగ్ బ్లైండ్ 3), ఎక్కువమంది 300 డాలర్లతో కూర్చుంటారు. ఈ ఆట పుట్టిల్లు తమ రాష్ట్రంలోని రాబ్స్‌టౌన్ అని టెక్సాస్ శాసనసభ 2007లో తీర్మానమే చేసింది, అందుకని ఇక్కడివాళ్ళకి దీని మీద అదో అభిమానం. ఇండియాలో ఉండి చదివేవాళ్ళకి ఒక మాట ముందే చెప్తా, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడడం తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి చట్టం చేసింది. కాబట్టి అక్కడ యాప్‌లో డబ్బు పెట్టి ట్రై చెయ్యొద్దు. నేను రాసేదంతా ఇంట్లో ఊరికే చిప్స్ పెట్టుకుని కూడా నేర్చుకోవచ్చు.

ముందు లెక్క. రెండు ముక్కలు పంచితే మొత్తం 1326 రకాలుగా పడొచ్చు, అందులో ఏ జత తీసుకున్నా 6 రకాలు. అంటే ఆసుల జత సగటున 221 సార్లకి ఒకసారి. ఆసులు, కింగులు, క్వీన్లు మూడూ కలిపి చూసినా 74 సార్లకి ఒకసారి. కార్డ్ రూమ్‌లో గంటకి పాతిక ముప్ఫై ఆటలే అవుతాయి, అంటే మూడు గంటలు కూర్చుంటే ఈ మూడింటిలో ఒకటి ఒకసారి వస్తుందన్నమాట. అంతసేపు ఎదురుచూసిన ముక్కలు వచ్చాక 18 డాలర్ల పాట్ (మధ్యలో పోగైన డబ్బు) గెలిచి సరిపెట్టుకోవడం బాధే, కాదనను, కానీ దాచబోయి 300 పోగొట్టుకోవడం దానికంటే చాలా పెద్ద బాధ. అది నాకు జరిగింది కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఆ రోజు నాది బ్లైండ్ల పక్క సీటు, అందరికంటే ముందు నేనే మాట్లాడాలి. ఇస్పేటు ఆసు, కళావరు ఆసు. వెనకాల ఎవరో ఒకరు రైజ్ చేస్తారు, అంటే పందెం పెంచుతారు, అప్పుడు నేను దాని మీద ఇంకా పెంచుతా అనుకుని ఊరికే 3 డాలర్లు పెట్టి కాల్ చేశా, అంటే ఉన్న పందేనికి సరిపడా మాత్రమే పెట్టా. ఎవరూ పెంచలేదు. ముగ్గురు కాల్ చేశారు, స్మాల్ బ్లైండ్ మిగతాది వేశాడు, బిగ్ బ్లైండ్‌లో ఉన్న పెద్దాయన టేబుల్ మీద వేలితో తట్టి చెక్ అన్నాడు, అంటే ఇంకేమీ పెట్టకుండా ఊరుకున్నాడు. పాట్‌లో 18 డాలర్లు, ఆరుగురం. ఫ్లాప్‌లో ఆటీను తొమ్మిది, ఆటీను ఎనిమిది, కళావరు నాలుగు. నేను 15 వేశా, పెద్దాయన 50కి పెంచాడు, మిగతావాళ్ళు పోయారు, నేను కాల్. పాట్ 118. టర్న్‌లో (నాలుగో ముక్క) డైమండ్ రెండు, ఆయన 80 వేశాడు, మళ్ళీ కాల్. పాట్ 278. రివర్‌లో (అయిదో, ఆఖరి ముక్క) ఇస్పేటు కింగు, ఆయన మొత్తం తోసేశాడు, నా దగ్గర 167 మిగిలాయి, ఆసులు కదా ఎలా వదులుతాను అని అవీ పెట్టేశా. ఆయన చూపించింది తొమ్మిది, ఎనిమిది. రెండు జతలు. ఆ ముక్కలతో ఆయన ఒక్క డాలర్ కూడా అదనంగా పెట్టకుండా ఫ్లాప్ చూశాడు, ఆ అవకాశం ఇచ్చింది నేనే. ముందే 15 చేసి ఉంటే ఆయన వాటిని డీలర్ వైపు తోసేసేవాడేమో, కనీసం ఇంకో 12 డాలర్లు పెట్టాలా వద్దా అని ఆలోచించేవాడు.

ఆసులు ఎంతమంది మీద ఎంత గెలుస్తాయో చూస్తే విషయం ఇంకా తేటగా ఉంటుంది. ఏవో ముక్కలున్న ఒక్కడి మీద అయిదు ముక్కలూ తెరిస్తే 85 శాతం గెలుస్తాయి. ఇద్దరైతే 73, ముగ్గురైతే 64, నలుగురైతే 56, అయిదుగురైతే సగం కంటే కాస్త తక్కువ, 49. ఆ రోజు నేను చేసింది అదే, 85 శాతం ముక్కల్ని తీసుకెళ్ళి 49 దగ్గర పెట్టా. కాబట్టి మన పని టేబుల్ మీద ఒకరినో ఇద్దరినో మిగల్చడం, వాళ్ళ చేత కూడా డబ్బు పెట్టించి మిగల్చడం.

ఎంత పెంచాలి అంటే, మామూలుగా బిగ్ బ్లైండ్‌కి మూడు నాలుగు రెట్లు, నీకంటే ముందు ఊరికే కాల్ చేసినవాళ్ళు ఎంతమంది ఉంటే అన్ని బ్లైండ్లు అదనంగా. 1-3 ఆటలో ఎవరూ రాకపోతే 12, ఇద్దరు కాల్ చేసి ఉంటే 18. అప్పటికీ నలుగురు కాల్ చేస్తున్నారంటే ఆ టేబుల్ అలాంటిదన్నమాట, అక్కడ 20, 25 చెయ్. భయపడి అందరూ పారిపోతారేమో అని చాలామంది ఆసులకి తక్కువ పెంచుతారు, జాకీలకి ఎక్కువ పెంచుతారు, ఎదురుగా రెండు గంటలు కూర్చున్నవాడికి అది అద్దంలా కనిపిస్తుంది. ఆసు-క్వీన్‌కి, తొమ్మిదుల జతకి, ఆసుల జతకి అన్నిటికీ ఒకటే లెక్క పెట్టుకో, అప్పుడు నీ రైజ్ చూసి ఎవరికీ ఏమీ అర్థం కాదు. నీ కంటే ముందు ఎవరైనా 15కి పెంచి ఉంటే నువ్వు 45, 50 చెయ్, ఊరికే కాల్ చేసి వెనకాల వాళ్ళని సగం ధరకి లోపలికి పిలవకు.

ఇక్కడ కొత్తవాళ్ళు ఒక చిన్నదానికి దెబ్బ తింటారు. చేతిలో కింగులు పడిన హుషారులో నోటితో ఏమీ అనకుండా ఒక్క 25 డాలర్ల చిప్ తీసి ముందుకి విసిరితే, దాదాపు ఏ కార్డ్ రూమ్‌లోనైనా అది రైజ్ కింద లెక్క కాదు, కాల్ కిందే లెక్క. డీలర్ 22 వెనక్కి ఇచ్చేస్తాడు, నువ్వు పెంచుదామనుకున్నావని టేబుల్ అందరికీ తెలిసిపోతుంది, పైగా అందరూ 3 డాలర్లకే వచ్చేస్తారు. అందుకని ముందు నోరు తెరిచి "రైజ్, 15" అను, తర్వాత చిప్స్ పెట్టు. పెట్టేటప్పుడు కూడా ఒక్కసారే పెట్టు, కొన్ని పెట్టి మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకుని ఇంకొన్ని పెడితే ఒప్పుకోరు.

సరే, నువ్వు పెంచావు, అవతలివాడు దాని మీద ఇంకా పెంచాడు, అప్పుడో? ఆసులైతే ఆలోచించే పనే లేదు, ఇంకా పెంచు, ఆల్ ఇన్ (ఉన్నదంతా పెట్టెయ్యడం) అయినా సరే. కింగులకి కూడా నా మాట అదే. చేతిలో రెండు కింగులు ఉంటే అవతలివాడికి ఆసుల జత పడే రకాలు 6, క్వీన్ల జత 6, ఆసు-కింగ్ 8. అంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉందనుకున్నా 20లో 14 సార్లు నువ్వే పైన. తొమ్మిది మంది టేబుల్ మీద నీకు కింగులు పడినప్పుడు ఎవరో ఒకరి దగ్గర ఆసులు ఉండడం పాతికలో ఒకసారి జరిగేది. ఆ ఒక్కసారికి భయపడి మిగతా 24 సార్లు పిరికిగా ఆడితే పోయేదే ఎక్కువ. 2018 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో, పది మంది మిగిలాక, నికొలస్ మానియన్‌కి ఆసులు, అదే ఆటలో ఆంట్వాన్ లాబాకి కింగులు, యుయెచి జూకి కూడా కింగులే పడ్డాయి. డెక్‌లో ఇంకో కింగే మిగల్లేదు. ఆ ఆటతో జూ పదో స్థానంలో బయటికెళ్ళాడు. దాంట్లో ఆయన చేసిన తప్పేంటో ఎన్నిసార్లు ఆలోచించినా నాకు కనపడదు, కింగులు ఉన్న ఎవరైనా అలాగే ఆడాలి.

క్వీన్లు మాత్రం వేరే కథ, అసలు ఆలోచన అవసరమయ్యేది ఇక్కడే. నీకు క్వీన్లుంటే అవతల ఆసులు 6 రకాలు, కింగులు 6, ఆసు-కింగ్ 16. ఈ మూడూ ఆడేవాడైతే 28లో 12 సార్లు నువ్వు బాగా వెనక, 16 సార్లు కొంచెం ముందు, మొత్తం కలిపితే 40 శాతం దగ్గర ఉంటావు, పాట్‌లో అప్పటికే డబ్బు పడి ఉంటుంది కాబట్టి చాలాసార్లు ఆడొచ్చు. కానీ చిన్న బ్లైండ్ల ఆటల్లో, సాయంత్రం నుంచి ఒక్కసారి కూడా రీరైజ్ చెయ్యని మనిషి, నువ్వు పెంచి ఇంకొకడు పెంచాక మూడోవాడుగా ఇంకా పెంచాడంటే, అతని దగ్గర ఆసు-కింగ్ కూడా ఉండదు, ఆసులో కింగులో అంతే. వాటి మీద క్వీన్లు అయిదుసార్లకి ఒకసారి కూడా గెలవవు. అప్పుడు వదిలెయ్. మనిషిని బట్టి ఆడడం అంటే ఇదే. గంట నుంచి అతను ఏం చేస్తున్నాడో చూడకుండా ఫోన్‌లో తల పెట్టుకుని కూర్చుంటే ఆ నిర్ణయం నీ వల్ల కాదు.

ఇప్పుడు ఫ్లాప్. ఒక ఆట మొత్తం పెడతా, చిప్స్ తీసుకుని ఫాలో అవ్వండి. నీకు కింగులు, రెండూ ఎర్రవే. ఇద్దరు కాల్ చేశారు, నువ్వు 18 చేశావు. బటన్ (డీలర్ గుర్తు ఉన్న సీటు, ఫ్లాప్ నుంచి ఆఖర్న మాట్లాడేది) మీద ఉన్నవాడు కాల్, ముందు కాల్ చేసిన ఇద్దరిలో ఒకడు కాల్. బ్లైండ్లు, పోయినవాడి 3 కలిపి పాట్ 61. ఫ్లాప్‌లో ఇస్పేటు పది, ఇస్పేటు ఏడు, డైమండ్ రెండు. నీ జత టేబుల్ మీద ఉన్న అన్నిటికంటే పెద్దది. చెక్ చేసి ఎరవెయ్యాలనిపిస్తుంది, వెయ్యకు. పది ఉన్నవాడు కాల్ చేస్తాడు, తొమ్మిది-ఎనిమిది ఉన్నవాడు కాల్ చేస్తాడు, రెండు ఇస్పేట్లు ఉన్నవాడు కాల్ చేస్తాడు, వీళ్ళందరూ ఇప్పుడే డబ్బు పెట్టడానికి రెడీగా ఉన్నారు, వాళ్ళకి ఊరికే ఇంకో ముక్క చూపించడం ఎందుకు. 40 వెయ్. ఇస్పేట్ల కోసం చూస్తున్నవాడికి వచ్చే ముక్కతో ఫ్లష్, అంటే మన కలర్, పడేది సుమారు అయిదింట్లో ఒకసారి. 101 ఉన్న పాట్ కోసం వాడు 40 పెట్టాలంటే ఆ ఒక్క ముక్కకి అది వాడికి నష్టమే, అదే మనకి కావాల్సింది. బటన్ కాల్ చేశాడు, రెండోవాడు పోయాడు. పాట్ 141.

టర్న్‌లో కళావరు మూడు. ఏమీ మారలేదు, 90 వెయ్, వాడు కాల్ చేస్తే పాట్ 321, నీ దగ్గర 152 ఉన్నాయి. రివర్‌లో కళావరు రెండు. మిగిలిన 152 పెట్టెయ్, సగం పాట్ కూడా కాదు, ఆసు-పది ఉన్నవాడు దాన్ని వదల్లేడు. అదే రివర్‌లో ఇస్పేటు పడి ఉంటే? చెక్ చెయ్, వాడు చిన్నగా వేస్తే కాల్ చెయ్, మొత్తం తోస్తే మనిషిని బట్టి, నేనైతే ఎక్కువసార్లు వదిలేస్తా.

ఈ ఆట ఇంత సాఫీగా నడవడానికి ఒక కారణం ఉంది. ఫ్లాప్ దగ్గర నీ వెనక 282, పాట్ 61, అంటే స్టాక్ (నీ ముందు మిగిలిన చిప్స్) పాట్‌కి నాలుగున్నర రెట్లు. ఈ రేషియో నాలుగు దరిదాపుల్లోనో అంతకంటే తక్కువో ఉంటే పెద్ద జతతో మొత్తం పెట్టడానికి జంకక్కర్లేదు. నా ఆసుల ఆటలో పాట్ 18, నా వెనక 297, పదహారు రెట్లు. అంత లోతున్న చోట అవతలివాడు వరసగా మూడుసార్లు పెద్ద డబ్బు తోస్తున్నాడంటే ఉత్త జతతో మన మీదకి రావట్లేదు. ఫ్లాప్‌కి ముందు పెంచితే మనుషులు తగ్గడమొకటే కాదు, ఈ రేషియో కూడా తగ్గి ఆ తర్వాత నిర్ణయాలు తేలికవుతాయి. నాకు ఇది అర్థం కావడానికి చాలా కాలం పట్టింది, ఇంకెవరూ అంతకాలం తీసుకోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా.

కింగులున్నప్పుడు ఫ్లాప్‌లో ఆసు పడితే గుండె జారిపోతుంది. అది 22, 23 శాతం జరుగుతుంది, ప్రతిసారీ ఆశ్చర్యపోవాల్సినదేం కాదు. ఒక్కడే ఎదురుగా ఉంటే, ఆసు-ఏడు-రెండు లాంటి పొడి ఫ్లాప్ (కలర్‌కీ సీక్వెన్స్‌కీ పెద్దగా దారి లేనిది) అయితే, పాట్‌లో మూడోవంతు వెయ్, చిన్న జతలు ఉన్నవాళ్ళు పోతారు లేదా ఒకసారి కాల్ చేస్తారు, కాల్ చేస్తే ఆ తర్వాత చెక్ చేసుకుంటూ షో దాకా వెళ్ళు. వాడు పెంచితే వదిలెయ్. ముగ్గురు నలుగురు ఉంటే అసలు వెయ్యనే వద్దు, వాళ్ళలో ఒకరి దగ్గర ఆసు ఉండే ఉంటుంది. క్వీన్లకి ఆసో కింగో ఫ్లాప్‌లో పడడం 41 శాతం, జాకీలకి తనకంటే పెద్ద ముక్క పడడం 57 శాతం. అందుకే జాకీలంటే అందరికీ విసుగు. వాటిని పెద్ద జత అనుకోకుండా మంచి మధ్య జత అనుకో, ఫ్లాప్‌కి ముందు ఒకసారి పెంచు, ఎవరైనా రీరైజ్ చేస్తే కాల్ చేసి ఫ్లాప్ చూడు, అంతకంటే పట్టుదల వద్దు.

నల్ల ఆసులు రెండు నీ దగ్గర, ఎదురుగా ముగ్గురు, ఫ్లాప్‌లో ఆటీను జాకీ, ఆటీను పది, ఆటీను తొమ్మిది. ఇక్కడ నీ ఆసులు ఉత్త జత మాత్రమే. కలర్ పడిపోయి ఉండొచ్చు, సీక్వెన్స్ పడిపోయి ఉండొచ్చు, రెండు జతలు ఉండొచ్చు. చెక్ చెయ్, ఒకడు వేసి ఇంకొకడు పెంచితే ముక్కలు లోపలికి తోసెయ్. చాలామందికి ఇదే చేతకాదు, మూడు గంటలు చూసి చూసి వచ్చిన ఆసులు కదా అనుకుంటారు. మనం ఎంతసేపు ఎదురుచూశామో ముక్కలకి తెలీదు. చిన్న ఆటల్లో నేను గమనించింది ఇంకోటి, టర్న్ మీదో రివర్ మీదో నువ్వు వేశాక అవతలివాడు పెద్దగా పెంచాడంటే అది బ్లఫ్ కావడం చాలా తక్కువ. ఫ్లాప్ మీద పెంచినవాడి దగ్గర ఏమైనా ఉండొచ్చు, టర్న్ మీద పెంచినవాడి దగ్గర కనీసం రెండు జతలు.

ఫ్లాప్‌లో మూడోది కూడా పడితే, సెట్ అంటారు, అది ఎనిమిది తొమ్మిది సార్లకి ఒకసారి. అప్పుడు కూడా వేస్తూనే ఉండు. పెద్దగా పెంచినవాడు ఫ్లాప్‌లో ఉన్నట్టుండి చెక్ చేస్తేనే అనుమానం వచ్చేది. టోర్నమెంట్లో నీ దగ్గర 15 బిగ్ బ్లైండ్లకి సరిపడా చిప్సే ఉంటే ఇప్పటిదాకా చెప్పినదాంట్లో సగం అక్కర్లేదు, జాకీల నుంచి పైన ఏ జతైనా ఫ్లాప్‌కి ముందే మొత్తం లోపలికి.

ఇవన్నీ చదివితే తలకెక్కవు, చేత్తో చేసి చూడాలి. ఇంట్లో ఒక డెక్ తీసుకో, రెండు ఆసులు పక్కన పెట్టు, మిగతా 50 బాగా కలుపు. ఎదురుగా ఒక్క చెయ్యి పంచి, టేబుల్ మీద 5 ముక్కలు తెరిచి ఎవరు గెలిచారో కాగితం మీద గీత గియ్. 50 సార్లు చెయ్, నలభై రెండు దగ్గర గెలుస్తావు. తర్వాత అయిదు చేతులు పంచి మళ్ళీ 50 సార్లు చెయ్, ఈసారి పాతిక దగ్గరికి వస్తుంది. నేను వంటింటి టేబుల్ మీద ఒక ఆదివారం మధ్యాహ్నం చేశా, గంటన్నర పట్టింది. ఓడిన ప్రతిసారీ ఏ ముక్కల చేతిలో ఓడావో పక్కన రాసుకో, అందులో ఎన్ని 15 డాలర్ల రైజ్‌కే పారిపోయే ముక్కలో తర్వాత లెక్కపెట్టు.